అక్షరసంపన్నులు

శస్త్రవైద్యుడు అదృష్టవంతుడు. ఆయన కోసి తీసిన మూత్రపిండపు రాయిని చిన్న సీసాలో వేసి బంధువుల చేతికీయవచ్చును. ఆ సీసా పది సంవత్సరములు ఇంటి అలమరలో నివసించి, వచ్చిన చుట్టమునకెల్ల చూపబడుచు, ఆయన కీర్తిని పొరుగూళ్ళకు మోసికొనిపోవును. కంటివైద్యుడు పొర తీయును. పంటివైద్యుడు పన్ను పెరికి పళ్ళెములో టంగున పడవేయును. ఎముకల వైద్యుడు వేసిన కట్టు రోగితోపాటు నడివీథిలో ఊరేగును. ఇన్ని ప్రత్యక్షప్రమాణముల నడుమ, లోపలి వ్యాధులకు మందిచ్చు ఫిజీషియనుగారు ఏమి చూపి బ్రదుకవలెను? ఆయన చేయు పనులలో ముఖ్యమైనది ఆలోచించుట. ఆలోచన ఎక్స్‌రేలో పడదు. బిల్లులో దానికొక వరుస లేదు. ఎదుటనున్న పెద్దమనిషి కొంతసేపు తన మొగము వంక చూచి మౌనము వహించినందులకు అయిదువందల రూపాయలు చెల్లించుటకు, మిరపచేను పురుగుపాలైన రైతుకు మనసొప్పకపోవుట న్యాయమే. కావుననే ఈ జాతి వైద్యులు కనబడని విద్య చుట్టును కనబడు వస్తువులను పేర్చుకొందురు.

నేను వర్ణింపబూనిన డాక్టరుగారు గుంటూరు కొత్తపేటలో నున్నారు. ఏ సందులోనని అడుగవలదు. ప్రతి సందులోను ఉన్నారు. బస్సు దిగిన మనిషిని చూచి ఆటోవాడు ఎచ్చటికని అడుగడు, "ఏం జబ్బు?" అని అడుగును. గుండె అన్నచో ఒక గుమ్మము, నరములన్నచో వేరొక గుమ్మము. "ఏమో అబ్బాయ్, ఒంట్లో ఏదో బాగుండట్లా" అన్నచో ఆటో తిన్నగా మన డాక్టరుగారి మెట్లకడ ఆగును. రోగనిర్ణయములో మొదటి ఘట్టము ఆ విధముగా ఆటోస్టాండులోనే, రుసుము లేకుండ జరిగిపోవును.

ఆయన చదువును శంకింప వీలులేదు. నాలుగున్నర సంవత్సరముల యం.బి.బి.యస్., దానిపై ఒక యేడు హౌస్ సర్జనీ, ప్రవేశపరీక్షల క్రింద ఖర్చైపోయిన యౌవనములో కొంతభాగము, అటుపై మూడేండ్ల యం.డి.; ఇంతలో ఆయనతో ఇంటర్మీడియెటు చదివి ఇంజనీర్లైనవారు అమెరికాలో ఇండ్లు కొని, వాని అప్పులలో సగము తీర్చిరి. 1946లో వెలసిన గుంటూరు వైద్యకళాశాలలో చదివి, పెద్దాసుపత్రి వార్డులలో రాత్రింబవళ్ళు తిరిగి, రోగి వీపుపై వ్రేలితో తట్టి, ఆ ధ్వనిని బట్టి ఊపిరితిత్తి చుట్టు నీరు ఎంతవరకు చేరినదో గీత గీసి చెప్పగల నేర్పు సంపాదించినారు. 1761లో ఆయెన్‌బ్రుగ్గర్ అను ఆస్ట్రియా వైద్యుడు లోకమునకిచ్చిన విద్య ఇది. ఆయన ఒక పూటకూళ్ళవాని కొడుకు. ద్రాక్షసారాయి పీపాలో సరకు ఎంతవరకున్నదో తట్టి తెలిసికొనుట చిన్ననాటనే ఎరిగినవాడు. ఇంతటి వంశచరిత్ర గల విద్యను మన డాక్టరుగారు ప్రదర్శించినపుడు రోగి బయటికి వచ్చి చెప్పునది ఒక్కటే: "స్కానింగు మిషను లేదు గామాల, వీపు మీద కొట్టి చూశాడు."

ఈ కారణముచేత ఆయన దృష్టి బోర్డు మీదికి మరలినది. యం.డి. అను రెండక్షరములు గోడమీద బహు స్వల్పస్థలమును ఆక్రమించును. ఎదుటి మేడపై గుండెవైద్యుని పేరు వెనుక మూడు పట్టములు బారులు తీరియుండగా, దారిన పోవువారు ఈ గోడవంక చూచి, పాపము, చదువు మధ్యలో మానివేసినాడేమో అని జాలిపడు ప్రమాదము కలదు. అందుచేత ఆయన సంపాదన ఆరంభించిరి. హైదరాబాదులో శని ఆదివారములు జరిగిన మధుమేహసభకు పోయి, భోజనముతోపాటు ఒక పత్రమును పుచ్చుకొని వచ్చిరి. ఛాతీవైద్యుల అమెరికను సంఘమువారి ఎఫ్.సి.సి.పి. వచ్చినది. కడపట ఎఫ్.ఆర్.సి.పి. కూడ అలంకరించినది. ఇది సామాన్యమైనది కాదు. గ్లాస్గోలో 1599 నుండి, ఎడింబరోలో 1681 నుండి ఈ ఫెలోషిప్పు నిచ్చు వైద్యమండలులున్నవి. అన్నింటికి పెద్దదైన లండను మండలిని 1518లో ఎనిమిదవ హెన్రీ ప్రభువు సనదు ఇచ్చి నెలకొల్పెను. తన రాణులలో ఇద్దరి శిరస్సులు ఖండింపజేసిన ప్రభువు ప్రజారోగ్యరక్షణకై స్థాపించిన సంస్థయొక్క అక్షరములు నేడు కొత్తపేటలో టీబడ్డీకి ఎదురుగా ఎండకు వెలవెలబోవుచుండుట చరిత్ర చమత్కారము. ఆ మండలులలో సభ్యత్వమునకు కఠినమైన పరీక్షలు కలవు. ఫెలోషిప్పు మాత్రము ఎన్నికవలన లభించును. ఈ భేదమును మన డాక్టరుగారు రోగులకు వివరింపరు, రోగులు అడుగరు.

అక్షరముల ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. మన డాక్టరుగారు బలహీనులకెల్ల వ్రాయు ఫోలిక్ ఆమ్లపు మాత్రను ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బోదకాలుకు ఇచ్చు మాత్రయు ఆయన నాయకత్వమున వచ్చినదే. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన పాపమునకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఆయన యం.బి.బి.యస్. పొందజాలక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో బయటపడెను. కొత్తపేటలో ఆ మూడక్షరములతో బోర్డు కట్టినచో అద్దె రాబట్టుకొనుట కష్టమయ్యెడిది.

ఇక లోపలికి పోదము. క్రింద మందుల షాపు, ప్రక్కన ల్యాబు, నడుమ బల్లలు; బల్లలపై ఒక్కొక్క రోగికి ముగ్గురేసి బంధువులు, వారికి పెద్దదిక్కుగా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుగారు. టోకెను నంబరును కంపౌండరు కేకవేయగానే అందరును ఒక్కుమ్మడి లోనికి ప్రవేశింతురు. "అయ్యగారూ, తమరు ఏ భాగానికి డాక్టరండీ?" అని మేనల్లుడు అడుగును. "ఒళ్ళంతా చూస్తాను" అని ఆయన సెలవిచ్చును. మేనల్లుడు మామవంక చూచును. ఒళ్ళంతయు చూచువాడు ఏ భాగమును సరిగా చూడడను అభిప్రాయము ఆ చూపులో స్పష్టముగా వ్రాయబడియుండును.

రక్తపోటు చూచు ఘట్టము మాత్రము అందరికిని ప్రీతికరము. పట్టీ బిగియుచుండగా గదిలో నిశ్శబ్దమావరించును. తెల్లకోటు కంటబడినంతనే కొందరికి రక్తపోటు పెరుగుననుట గ్రంథములలో చేరిన సత్యము. ఎదుట మేనల్లుడు, వెనుక బిల్లు నున్నపుడు పెరుగుటలో ఆశ్చర్యమేమున్నది? పట్టీ సడలించునపుడు చెవిలో వినబడు శబ్దములను బట్టి పోటును కొలుచు పద్ధతిని 1905లో కనిపెట్టిన కొరొట్కాఫ్ అను రష్యా దేశీయుడు వృత్తిచేత శస్త్రవైద్యుడు. అందుచేత కాబోలు మన డాక్టరుగారు ఆ పేరు ఎత్తరు.

ఆయన హృదయమునకు నిజమైన ఆనందమిచ్చునది మూడునెలల షుగరు పరీక్ష. ఊరిలో పెండ్లి జిలేబీలు, పేరంటపు బూరెలు యథేచ్ఛగా ఆరగించి, ఆసుపత్రికి వచ్చుటకు రెండుదినముల ముందు మాత్రము రాగిజావతో తపస్సు చేసి, పరగడుపు రక్తము నిర్మలముగా సమర్పించు పుణ్యాత్ములు మన జిల్లాలో తక్కువమంది లేరు. ఎర్రకణముల నంటుకొన్న చక్కెర ఆ కణములున్నంతకాలము వదలదు. కావున ఈ పరీక్ష రెండుమూడు మాసముల బండారమును బయటపెట్టును. కాగితమును చూచి డాక్టరుగారు చిఱునవ్వు నవ్వి, "ఏమ్మా, ఈ మధ్య పెళ్ళిళ్ళేమైనా అయ్యాయా?" అని అడుగుదురు. ఆమె భర్త నిర్ఘాంతపోవును. డాక్టరుగారి ఆలోచన ఒక్కసారి పరుల కంటబడు శుభసమయమదియే; కాని ఆ ఖ్యాతి కూడ ల్యాబు మిషనుకే పోవును.

ఇటీవల చీటీ వ్రాతలోను ఆయనకు నష్టము వచ్చినది. మందుల పేర్లు స్పష్టముగా, వీలైనచో పెద్ద అక్షరములతో, మూలనామములతో వ్రాయవలెనని 2016లో నిబంధన సవరించిరి. ఆయన ధర్మభీరువు గనుక అట్లే వ్రాసిరి. పూర్వము ఆయన చేతివ్రాత మందులషాపు కుర్రవానికి తప్ప అన్యులకు అగమ్యమై, మంత్రగౌరవము నందుచుండెను. ఇపుడు తొమ్మిదవ తరగతి మనుమడు గుమ్మము దాటకమునుపే చదివి, "తాతా, ఇది పారాసిటమాలే. మన కొట్లోనూ దొరుకుద్ది" అనెను.

ఆ తాతయే ఆయనను పూర్తిగా కుంగదీసినవాడు. గుండెదడయని, నిద్ర పట్టదని, పొట్టలో గ్యాసు తిరుగుచున్నదని వచ్చిన ఆ వృద్ధుని ఎదుట డాక్టరుగారు అరగంట కూర్చుండి, చిన్నకొడుకు వేరు కాపురము మొదలు కౌలుబాకీ వరకు సర్వము విని, నాడి, గుండె, పొట్ట శ్రద్ధగా పరీక్షించి, చిన్న గుండెపటము తీయించి, "తాతా, నీకేం జబ్బు లేదు. రాత్రిపూట కాఫీ మానెయ్యి, చిన్నోడితో ఒకసారి మాట్లాడు" అని చెప్పిరి. ఆనాడు కొత్తపేటలో అంతకన్న మంచి వైద్యము జరిగియుండదని నా నమ్మకము. వృద్ధుడు బయటికి వచ్చి బల్లమీద కూలబడి, "ఇంత చార్జీ పెట్టుకోని వస్తే ఏం లేదంటాడేందయ్యా!" అని వాపోయెను. మేనల్లుడు ఆయనను రోడ్డు దాటించెను. ఎదుటి మేడలో స్కానింగు, ఏడు రక్తపరీక్షలు, రెండు సెలైను సీసాలు జరిగినవి. మరునాడు వృద్ధుడు తేలికపడి, "చెయ్యంటే ఆయనది! హస్తవాసి అంటే అదీ!" అని బస్టాండు వరకు కొనియాడుచు పోయెను.

ఆ సాయంత్రమే మన డాక్టరుగారు పెయింటరును పిలిపించిరి. బోర్డు అసాధారణముగా పెద్దదై యుండరాదని, గుర్తింపు గల పట్టములు, నిజమైన పాండిత్యమును తెలుపు బిరుదులు తప్ప వ్రాయరాదని, రిజిస్ట్రేషను నంబరు విధిగా కనబడవలెనని వైద్యమండలివారు 2002లోనే శాసించియున్నారు. పెయింటరు టేపు పెట్టి కొలిచి, తల గోకికొని, "అక్షరాలు సన్నం చేస్తే సరిపోతయ్యండీ, కొత్తవి రెండు కూడా పడతయ్. రిజిస్ట్రేషన్ నంబరుకే చోటు లేదు" అనెను.

"ఏదో ఒకటి తీసెయ్యాలి" అని డాక్టరుగారు గోడవంక చూచిరి. ఎఫ్.ఆర్.సి.పి. వంక చూచిరి; ఎఫ్.సి.సి.పి. వంక చూచిరి, మధుమేహసభ వంక కూడ కొంత మమకారముతో చూచిరి.

"ఇంటిపేరు తీసెయ్, పొడి అక్షరం చాలు" అనిరి.