ఖాళీ చేయనివాడి సంజాయిషీ

మహారాజశ్రీ జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, సముద్రపుటొడ్డు ఊరి పాడిరైతు ఒకడు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా,

మొన్న అక్టోబరులో మొంథా తుపాను వస్తోందని తమరు జిల్లా అంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బడులకు సెలవులు, అధికారులకు సెలవుల రద్దు, లోతట్టు ఇళ్లన్నీ ఖాళీ. అప్పుడు ‘చెప్పినా కదలనివారు’ అని ఒక జాబితా తయారైందట. అందులో మొదటి పేరు నాదేనని వీఆర్వో గారు చెప్పారు. సంజాయిషీ ఇమ్మని ఎవరూ అడగలేదు. అడగకముందే ఇచ్చేస్తే ఓ పని అయిపోతుందని రాస్తున్నాను.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఆదేశాన్ని కాదన్నవాడికి ఏడాది దాకా జైలు వేయవచ్చని మా కుర్రాడు ఫోనులో చూసి చెప్పాడు. జైలుకు శ్లాబు ఉంటుంది గనక తుపాను రోజుల్లో నాకు అభ్యంతరం లేదు. అక్కడా మా గేదెకు చోటుందో లేదో కనుక్కోవాలి.

ఆ రోజు పొద్దున్నే ఆటో వచ్చింది. మైకులో రికార్డు: లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను. మూడు చుట్లు తిరిగింది. నేనూ అరుగు మీద నిలబడి అప్రమత్తంగా ఆటో వంకే చూశాను. రేడియో రోజుల నుంచీ ఈ మాట వింటున్నాను గానీ, అప్రమత్తంగా ఉండేవాడు ముందు ఏ పని చేయాలో ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

మధ్యాహ్నానికి సచివాలయం అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడు. “పదండి బాబాయ్, స్కూల్లో అన్నీ ఏర్పాటు చేశాం, పులిహోర కూడా చేయిస్తున్నాం” అన్నాడు. మరి దీన్నేం చేయమంటావని గేదెను చూపించాను. గేదె వంక చూశాడు, చేతిలో ట్యాబు వంక చూశాడు. అందులో పేరు, ఆధారు, వయసు, గర్భిణీయా కాదా అన్నీ ఉన్నాయి. గేదెకు మాత్రం గడి లేదు. గర్భిణులను ముందుగా తరలించాలని తమరి ఉత్తర్వులోనే ఉంది. ఆ లెక్కన మా ఇంట్లోంచి ముందు వెళ్లాల్సింది అదే. నిండు చూలుతో ఉంది.

“పలుపు విప్పి వదిలేయండి బాబాయ్, దాని దారి అది చూసుకుంటుంది” అన్నాడు. వదిలితే దాని దారి ఎటో నాకు తెలుసు. పొట్ట మీదున్న పక్కవాడి చేలోకి. తుపాను తర్వాత పంటనష్టం రాసేటప్పుడు నా గేదె మేసినదాన్ని ఏ ఖాతాలో వేస్తారు? పైగా అది మా ఆవిడ డ్వాక్రా అప్పుతో కొన్న గేదె. ఇంకా పధ్నాలుగు కిస్తీలున్నాయి.

ఆవిడనీ పిల్లలనీ బడికి పంపి నేను ఉండిపోయాను. రాత్రి గాలి ముదిరింది. కొట్టం మీది రేకు ఒకటి లేచిపోయాక గేదెను రామాలయం మండపంలోకి తోలుకెళ్లాను. మెట్ల దగ్గర కాళ్లు తన్నిపెట్టి ఒక పట్టాన ఎక్కలేదు. తౌడు తట్ట పైమెట్టు మీద పెట్టాక ఎక్కింది. తెల్లారేదాకా దాని డొక్కకు ఆనుకుని కూర్చున్నాను. లోపల దూడ కదిలినప్పుడల్లా నా వీపుకు తెలుస్తూనే ఉంది.

తుపాను మా ఊరికి దూరంగా నరసాపురం వైపు తీరం దాటింది. పొద్దున టీకొట్టు దగ్గర “ఊరికే హడావుడి చేశారు” అని కొందరన్నారు. వాళ్లతో తమరి తరఫున నేనే పోట్లాడాను. ఖాళీ చేయనివాడే ఖాళీ చేయించినవాళ్లను వెనకేసుకురావడం ఏమిటని నవ్వారు. నవ్వనీండి.

మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమె కొత్త పెళ్లికూతురు, పుట్టింట్లోనే ఉంది. గాలి వస్తుందనుకున్నాం గానీ సముద్రం వస్తుందనుకోలేదని చివరిదాకా అంటూనే ఉండేది. ఇంట్లోవాళ్లంతా ఊళ్లో ఉన్న ఒక్క మేడకు చేరాక, గేదెల పలుపులు విప్పలేదని మా తాత వెనక్కి వెళ్లాడు. మూడో రోజున గేదె ఒకటి వచ్చింది. తాత రాలేదు.

ఆ ఉప్పెనలో పోయినవాళ్లు సర్కారు లెక్కలోనే దాదాపు పదివేలు. 1990 మేలో కృష్ణ ముఖద్వారం దగ్గరే అంతకు తీసిపోని తుపాను తీరం దాటింది. అప్పటికి తుపాను షెల్టర్లు కట్టారు, ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యిలోపే. అందుకే తమరి ఆటో మైకు మీద నాకు కోపం లేదు. నాలుగో చుట్టు తిరిగినా వింటాను.

నా మనవి ఒక్కటే. పశువులున్నవాడు మొండివాడు కాదు, లెక్క తెలిసినవాడు. 1970లో భోలా తుపానుకు లక్షల మంది పోయాక బంగ్లాదేశ్ వాళ్లు మనుషులకు షెల్టర్లే కాదు, పశువులకు ఎత్తయిన మట్టిదిబ్బలూ పోశారు. వాటిని కిల్లాలంటారు. వాటికి ఇంజనీర్ల కన్నా ముందు ట్రాక్టరు మన్ను కావాలి. మా చెరువు పూడిక తీసిన మన్ను ఎటు పోతోందో తమరికి తెలియదనుకోను. ఉపాధి హామీ కూలీలున్నారు, ఊరి వెనక బంజరు ఉంది.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు పదకొండు. పదో నంబరే అన్నిటికన్నా పెద్దదని చాలామంది అనుకుంటారు. పదకొండో నంబరు ఒకటుంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. తుపాను ఉన్న మూడు రోజులూ తమరు మాకు గంట గంటకూ ఫోన్లు చేయించారు. మిగతా ఏడాదంతా మా ఊరికీ తమరి ఆఫీసుకూ మధ్య ఎగురుతున్నది ఈ పదకొండో నంబరే.

గేదె ఈనింది. పెయ్యదూడ. వచ్చే అక్టోబరుకు జాబితాలో మావి రెండు అవుతాయి. ఈసారి ట్యాబులో ఒక గడి పెట్టించండి. ఆటో వెనక ట్రాక్టరు ట్రక్కు ఒకటి పంపించండి. తౌడు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
తమరి జాబితాలో మొదటి పేరు