సెమీ క్రిస్మస్ నుంచి ముక్కనుమ దాకా

జనవరి ఒకటో తారీఖున ఒళ్లు తగ్గించడం మొదలుపెట్టాలని మొట్టమొదట అనుకున్నది ఎవరో గానీ, ఆ మనిషి గోదావరి జిల్లాల్లో ఒక్క చలికాలం కూడా కాపురం చేసుండడు. ధనుర్మాసంలో మా వైపు పెళ్లిళ్లకే ముహూర్తాలుండవు, డైటింగుకి ఎక్కణ్ణుంచి వస్తాయండీ?

మీరే చూడండి. డిసెంబరు మొదటి వారానికల్లా రాజమండ్రి డాబాల మీద వెదురు గడలకి నక్షత్రాలు లేస్తాయి. నక్షత్రం లేచిందంటే సెమీ క్రిస్మస్‌లు మొదలైనట్టే. ఈ సెమీ అనేది బెత్లెహేములో ఎవరికీ తెలియదు. మాకు మాత్రం అసలు పండగ ఒక్కరోజైతే సెమీలు మూడు వారాలు. స్కూల్లో ఒకటి, మా ఆయన బ్యాంకులో ఒకటి, అపార్ట్‌మెంటులో ఒకటి, రాజకీయ పార్టీలవి తలా ఒకటి. కొవ్వొత్తులు, రెండు పాటలు, ఒక వాక్యం, నలుగురు ముఖ్య అతిథులు, చివర్న కేకు. ముఖ్య అతిథులు ఒకరి నోట్లో ఒకరు కేకు పెట్టుకుంటూ ఫొటోలు దిగాక మిగిలింది మన దాకా వస్తుంది. వద్దంటే క్రీస్తుని వద్దన్నట్టు చూస్తారు.

ఇది చాలదన్నట్టు పదహారో తారీఖు ప్రాంతంలో ధనుర్మాసం పెడుతుంది. పక్కింటి పిన్నిగారు తెల్లారకుండానే గుళ్లోంచి వేడి వేడి కట్టెపొంగలి దొప్పలో పెట్టి తెస్తారు. నెయ్యి దొప్ప దాటి చేతికి కారుతూంటుంది. పొద్దున గోదాదేవి ప్రసాదం, సాయంత్రం క్రిస్మస్ కేకు. మతసామరస్యం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, దాన్ని నడుం చుట్టూ మోస్తున్నది మేమే.

తిండి సంగతి అలా ఉంచితే, ఈ నెల టెన్షన్‌లో సగం టైలరు దగ్గర ఉంటుంది. నవంబర్లో ఇచ్చిన జాకెట్లు 'ఇరవైకల్లా ఇచ్చేత్తానండి' అంటాడు. ఇరవై తర్వాత ఫోనెత్తడు. ఇరవైనాలుగు రాత్రి తొమ్మిదింటికి షాపు ముందు ఊళ్లోని సంఘాలన్నీ కలుస్తాయి. లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తువాళ్లు తమ సిద్ధాంత భేదాలు మరిచిపోయి ఒకే మాట మీద నిలబడేది ఆ ఒక్క గుమ్మం దగ్గరే. ఇంకా సండే స్కూలు డ్రామా ఒకటి. గొర్రెల కాపరికి తలకి చుట్టే తువ్వాలు మా ఇంట్లోదే, అది తిరిగి రాదు. అర్ధరాత్రి దాటాక డోలక్కు, గిటారు వేసుకుని కేరల్స్ వాళ్లొస్తారు. పదకొండింటికి వస్తామంటే రెండని అర్థం. పడుకోలేం, వాళ్లకి టీ పెట్టకుండా పంపలేం. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. రెండున్నరకి వాళ్లు వెళ్లాక వంటింట్లో డబ్బా మూత చప్పుడైందంటే అది ఎలుక పని కాదు.

ఆ డబ్బాలో ఉండేవి గులాబీ పువ్వులు. వాటి గురించి కాస్త చెప్పాలి. మా అత్తగారు నాకిచ్చిన ఆస్తిలో ముఖ్యమైనది వాటి ఇనప అచ్చు. బియ్యప్పిండి, కొంచెం మైదా, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు, చారెడు నువ్వులు కలిపి పిండి జారుగా చేసుకోవాలి. అచ్చు ముందు నూనెలోనే కాగాలి. చాలినంత కాగకపోతే పువ్వు అచ్చుని పట్టుకుని వదలదు. ఎక్కువ కాగితే పిండి అసలు అంటుకోకుండా చుయ్యిమని జారిపోతుంది. కుదిరిన అచ్చుని పిండిలో ముంచేటప్పుడు పై అంచు మునగనివ్వకూడదు. మునిగిందా, ఇక ఆ పువ్వుని ఊచతో పొడిచి ముక్కలుగా తీసుకోవాల్సిందే. అన్నీ సరిపోతే నూనెలో చిన్నగా కుదపగానే పువ్వు తనంతట తాను ఊడి తేలుతుంది. ఊడిన దాన్ని చూసి రుచి చూడకుండా ఉండగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి వేరే ఫిట్‌నెస్ అక్కర్లేదు. విరిగినవి డబ్బాలో పెట్టకూడదు కాబట్టి పొయ్యి దగ్గరే తినేస్తాం. విరిగినవాటికి లెక్క లేదన్నది మా ఇంటి ఆడవాళ్లందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సూత్రం.

ముప్పై ఒకటి రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు ఇస్తారు. దేవుడు ఏడాదంతటికీ మనకిచ్చే మాట ఆ కార్డు మీద ఉంటుంది. అదే రాత్రి మా ఆయన కూడా ఒక మాట ఇస్తారు: సంక్రాంతికల్లా పది కిలోలు. దేవుడి మాటకి పన్నెండు నెలల గడువుంది, మా ఆయన మాట పన్నెండూ పదికి కేకు కోసేదాకా ఉంటుంది. అయినా పట్టుదల మనిషి. చేతికి గడియారం కట్టుకుని రోజుకి పదివేల అడుగులంటారు. ఆ అంకె ఏ పెద్ద పరిశోధనలోనూ తేలింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముకోవడానికి దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టింది. అప్పట్నుంచీ లోకమంతా నడుస్తోంది. ఈయన పుష్కరఘాట్ దాకా నడిచి, గోదావరి గాలి పీల్చి, వచ్చేదారిలో మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగి వస్తారు. గడియారం అడుగులే చెబుతుంది, మీగడ సంగతి చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి 150 నిమిషాల మోస్తరు శ్రమ. రోజుకి పాతిక నిమిషాలు కూడా పడదు. ఆ మాట చెబితే "అంత తక్కువైతే ఏం బాగుంటుంది?" అన్నారు. గోదావరి మనిషి కదా, లక్ష్యమైనా సరే కొసరి వడ్డించాలి.

నేననేది ఏంటంటే, మా దగ్గర అసలు కష్టం తినడంలో లేదు, వద్దనడంలో ఉంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి డెల్టా అంతా వరి చేశాడు. ఆ వరికి సార్థకత తెచ్చినట్టు లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. ఆ నీళ్లు తాగి, ఆమెను తలుచుకుంటూ పెరిగిన ఊళ్లలో "చాలండి" అన్నది తెలుగు మాట కింద లెక్కలోకి రాదు. చెల్లుబాటయ్యే సాకు ఒక్కటే, షుగరు. అదీ పూర్తిగా చెల్లదు. "షుగరండి" అంటే "అయ్యో, ఇది బెల్లంతో చేసిందేనండి, ఏం చెయ్యదు" అంటారు. ఆత్రేయపురం పూతరేకు చేతిలో పెట్టి "కాగితానికి బరువేముంటుందండీ?" అన్నవాళ్లున్నారు. కాగితానికి లేదు, మధ్యలో నెయ్యీ పంచదార పొడీ పరిచి చుట్టిన కాగితానికి ఉంది. తాపేశ్వరం కాజా దగ్గర అలాంటి మొహమాటం కూడా ఉండదు, పాకం కారుతూ నిజాయితీగా కనబడుతుంది.

నవ్వుకోవడం సరే. ఉభయ గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో చేసిన సర్వే ఒకటి 2006లో అచ్చయింది. పట్నాలు కావు, పల్లెలు. ముప్పై దాటినవాళ్లలో దాదాపు 13 శాతం మందికి షుగరుంది. అందుకే ఎవరైనా "షుగరండి" అంటే అది సాకో నిజమో విచారించకుండా ప్లేటు వెనక్కి తీసుకోవడం కూడా మర్యాదే అని నేను మా అత్తగారితో వాదించి, సగం గెలిచాను. ఇప్పుడావిడ పూర్తి కాజా పెట్టరు, సగం పెడతారు.

ఇక 2000 సంవత్సరంలో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం చదివి నాకు ధైర్యమొచ్చింది. 195 మందిని పండగల సీజనంతా తూచి చూస్తే సగటున పెరిగింది 370 గ్రాములు. వాళ్లంతా అంతకంటే చాలా ఎక్కువే పెరిగామనుకున్నారట. కాకపోతే ఆ కొంచెమూ తర్వాత ఏడాదంతా దిగలేదు. ఆ 195 మందిలో మన అల్లుళ్లెవరూ ఉండి ఉండరనుకోండి. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించింది. రోజుకో రకం చొప్పున ఏడాదంతా తినాల్సింది ఒక్క పూటలో కూర్చోబెట్టి పెడితే ఏ త్రాసు తట్టుకుంటుంది?

అందుకని మా ఇంట్లో తగ్గడం అనే మాట ముక్కనుమ దాటేదాకా నిషేధించాను. అప్పటిదాకా లక్ష్యం ఒక్కటే: నవంబరు చివర్న ఉన్న బరువు మీద ఉండటం. మా వదిన, నేను, ఎదురింటి మాస్టారి భార్య కలిసి పిండివంటలు పంచుకున్నాం. గులాబీ పువ్వులు నావి, జంతికలు వదినవి, అరిసెలు ఆవిడవి. ఎవరింట్లోనూ రోజంతా మూకుడు దింపకుండా కూర్చోవడం లేదు, విరిగినవీ మూడో వంతుకి పడిపోయాయి. సెమీలకి వారానికి రెండే వెళ్తాం, మిగతావాటికి ప్రార్థన చేస్తాం. ఇరవైఐదున బిరియాని ఉందని పొద్దున టిఫిను మానడం కూడా ఆపేశాం. కాలే కడుపుతో చర్చి నుంచి వచ్చినవాడికి బిరియాని గిన్నె అడుగు కనిపించేదాకా ఆగడం చేతకాదు. భోజనమయ్యాక అందరం కాలవ గట్టు మీద కాసేపు నడుస్తాం. చీర నలుగుతుందని మా అత్తగారు మొదట రానన్నారు. ఇప్పుడు ఆ చీర నలుగురూ చూసేది గట్టు మీదే అని అందరికంటే ముందు బయల్దేరుతున్నారు.

ఇంతా అయ్యి కుదుటపడ్డామనుకుంటూంటే జనవరి మొదటి వారంలో రాజోలు నుంచి మా అమ్మ ఫోను. సంక్రాంతి సెలవులకి ఎప్పుడొస్తున్నారని. మా ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని, గొంతు సవరించుకుని, "అత్తయ్యగారూ, ఈసారి నాకు ప్రత్యేకంగా ఏమీ చేయకండి. డైటింగులో ఉన్నాను" అన్నారు.

అవతల కాసేపు ఆలోచించిన చప్పుడు.

"అలాగే బాబూ. డైటింగులోకి ఏం కలుపుకుంటారు, రొయ్యలు తెప్పించమంటారా, నాటుకోడి కోయించమంటారా?"