పులిగారింట్లో చుట్టాలు

దోర్నాల దాటి శ్రీశైలం ఘాటెక్కితే పులిగారి వాకిట్లో అడుగుపెట్టినట్టే. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదైన పులుల నెలవు. 1983లోనే ‘ప్రాజెక్ట్ టైగర్’లో చేరింది. రాత్రి 9 దాటితే చెక్‌పోస్టు గేటు పడుతుంది, ఇంటాయన షికారుకు బయల్దేరే వేళ కదా! ఆ గేటు ముందు మాత్రం ప్రతివాడూ ఎమ్మెల్యేగారి తోడల్లుడే.

కల్లంలో ఆరబోసిన మిర్చి మీద కోడి కాలుపెడితే కర్రతీసే మనమే, అడవి మలుపులో కారాపి నీళ్ల సీసా లోయలోకి గిరాటేస్తాం. కోతికి చిప్స్ పొట్లం విప్పి మరీ పెడతాం, అదేమో పుణ్యం ఖాతా! రేపు అదే కోతి రోడ్డెక్కి కారు కింద పడితే ‘అయ్యో, ఆంజనేయస్వామీ’ అని దణ్ణం.

ఇక తుమ్మలబయలు సఫారీ. జీపులో సెల్‌ఫోన్ పాట, పైన ఈలలు, మధ్యలో చంటాడి ఏడుపు (వాడొక్కడే సహజంగా ప్రవర్తించేది). దిగాక సణుగుడు: “డబ్బులు దండగ, పులి కనపడలేదే!”

మీరు కనపడ్డారుగా దానికి. అందుకే రాలేదు.