చూడకపోతేనే గెలుస్తరు

ఉప్పల్ స్టేడియం హైదరాబాద్‌లో ఉందని అందరూ అనుకుంటారు గానీ, అది నిజానికి వరంగల్ రోడ్డు మీద ఉంది. కూకట్‌పల్లిలో ఉండేవాడు సిటీ అంతా ఈదుకుంటూ, సిగ్నల్ సిగ్నల్‌కూ ఒక దేవుణ్ణి తలుచుకుంటూ అక్కడికి చేరేసరికి పవర్‌ప్లే అయిపోతుంది. మేం హన్మకొండ బస్టాండులో బస్సెక్కి, జనగామ దాటాక ఓ కునుకు తీసి, ఘట్‌కేసర్ దగ్గర లేచి మొహం తుడుచుకుంటే చాలు, కండక్టరే "ఉప్పల్, ఉప్పల్" అని కేకేసి దింపేస్తాడు. అందుకే 2008లో ఐపీఎల్ మొదలై, హైదరాబాద్‌కు డెక్కన్ ఛార్జర్స్ అనే జట్టొకటి వచ్చిందనగానే అది మా జట్టేనని ఎవర్నీ అడక్కుండా తీర్మానించేసుకున్నాం.

కాగితం మీద ఆ జట్టును చూస్తే ఎవరికైనా కళ్లు తిరగాల్సిందే. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది. పైన మన లక్ష్మణ్ కెప్టెన్. ఇంకేం కావాలి? పద్నాలుగు మ్యాచ్‌లాడి రెండు గెలిచారు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. తొమ్మిదో జట్టు లేదు కాబట్టి పరువు దక్కింది.

మా చిన్నాయనది ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. ఆయన క్రికెట్ చూడడు, క్రికెట్ చూసేవాళ్లను చూస్తాడు. ఆ ఏడాది మా మొహాలు చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "శాంపిల్ జూస్తే తేజ, బస్త ఇప్పితే తాలు."

గెలిచిన ఆ రెండింటిలో ఒకటి నవీ ముంబైలో, ఒకటి చెన్నైలో. ఉప్పల్‌లో ఆడినవి ఏడైతే ఏడూ ఓడారు. ఊళ్లో ఉన్న చుట్టాలకు టీ కూడా పోయనివాడు పరాయి ఊళ్లో పెళ్లి పెత్తనం చేసినట్టు ఈ వరస ఏమిటో మాకు అంతుబట్టలేదు. అంతు పట్టింది చిన్నాయనకే. ఆయన కొడుకు, అంటే మా తమ్ముడు, కాజీపేటలో ఉండేవాడు. రైల్వే ఉద్యోగం, పాస్ ఉంది, డ్యూటీ మార్చుకునే నేర్పు ఉంది. ఉప్పల్‌లో మ్యాచ్ ఉందంటే సికింద్రాబాద్ బండెక్కేసేవాడు. "వీడు పోతేనే ఓడుతాండ్లు," అన్నాడు చిన్నాయన. తండ్రే ఆ మాట అన్నాక మేం కాదనడం మర్యాద కాదు.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించే అవకాశం సాక్షాత్తూ ఎన్నికల సంఘమే కల్పించింది. 2009లో లోక్‌సభ ఎన్నికలూ ఐపీఎలూ ఒకేసారి వచ్చిపడ్డాయి. రెండింటికీ బందోబస్తు ఇవ్వడం మావల్ల కాదని ప్రభుత్వం చేతులెత్తేసింది. ఎన్నికలను ఎటూ తీసుకుపోలేరు కాబట్టి ఐపీఎల్‌నే మూటగట్టి దక్షిణాఫ్రికాకు తీసుకుపోయారు. మాకు ఏప్రిల్ 16న పోలింగ్. 18న కేప్‌టౌన్‌లో ఆట మొదలు. వేలి మీద సిరా అలాగే ఉంది, ఆ వేలితోనే రిమోట్ నొక్కాం.

తమ్ముడి రైల్వే పాస్ కేప్‌టౌన్ దాకా చెల్లదు. పాస్‌పోర్టు అసలే లేదు. డెక్కన్ ఛార్జర్స్ వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచారు.

ఇప్పుడు గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లేమన్ కోచ్. పేపర్లన్నీ ఆస్ట్రేలియా క్రమశిక్షణ గురించి, జట్టు కూర్పు గురించి పెద్ద పెద్ద విశ్లేషణలు రాశాయి. అసలు కారణం కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో లుంగీ కట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడని ఒక్క విలేకరికీ తట్టలేదు.

ఆ తర్వాత మామూలే, ఓ మ్యాచ్ గెలవడం, ఓ మ్యాచ్ ఓడడం. రోహిత్ శర్మ అని ఓ కుర్రాడు మా జట్టులో బ్యాటింగ్ చేస్తూ, ఊరికే బాల్ చేతికిస్తే ముంబై మీద హ్యాట్రిక్ తీశాడు. ఇలాంటివాణ్ణి ఎవరైనా వదులుకుంటారా? మావాళ్లు వదులుకున్నారు. ఆ కథ తర్వాత.

మే 16 సంగతి మాత్రం చెప్పుకోవాలి. అదే రోజు ఎన్నికల కౌంటింగు, అదే రోజు కోల్‌కతాతో మ్యాచ్. ఇంట్లో టీవీ ఒకటే. మా బాపుకు రౌండ్లు కావాలి, మాకు ఓవర్లు కావాలి. రాజీ కుదిరి, ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఛానల్ మార్చేట్టు ఒప్పందం జరిగింది. ఆఖరి ఓవర్లో మావాళ్లకు 21 పరుగులు కావాలి. మష్రఫే మొర్తజా బౌలింగు, రోహిత్ బ్యాటింగు. ఆ సమయంలో ఒప్పందాన్ని మేం ఏకపక్షంగా రద్దు చేశాం. ఆఖరి బంతికి సిక్సర్ కొట్టాడు రోహిత్. "ఒక్క ఓవర్ల 26 వచ్చినయ్ బాపూ!" అని నేను అరిస్తే, ఆయన కళ్లజోడు సవరించుకుని అడిగాడు. "ఏ మండలంల?"

మర్నాడే పంజాబ్ చేతిలో ఒక్క పరుగు తేడాతో ఓడారు. 21న బెంగళూరు చేతిలో 12 పరుగులతో ఓడారు. ఆ మ్యాచ్‌లో మనీశ్ పాండే 114 కొట్టి, ఐపీఎల్‌లో సెంచరీ చేసిన మొదటి భారతీయుడయ్యాడు. మా జట్టు ఎప్పుడూ అంతే, ఎవరికైనా రికార్డు కావాలంటే కాదనదు. పద్నాలుగింట ఏడు గెలిచి, ఏడు ఓడి, నాలుగో స్థానంతో ఈడ్చుకుంటూ సెమీఫైనల్లో పడ్డారు. ఎదురుగా ఢిల్లీ. పది గెలిచి పట్టికలో మొదటి స్థానం. సెహ్వాగ్, గంభీర్, దిల్షాన్, వార్నర్. ఆ లైనప్ చదివి మా వీధిలో చాలామంది తొందరగా భోంచేసి పడుకున్నారు.

పడుకున్నవాళ్లు గిల్‌క్రిస్ట్‌ను చూడలేదు. 153 ఛేజింగులో 17 బంతుల్లో యాభై. 35 బంతుల్లో 85 కొట్టి, ఇక మీరు చూసుకోండన్నట్టు వెళ్లిపోయాడు. రెండు ఓవర్లకు పైగా మిగిలుండగానే ఆట ముగిసింది. పెద్ద జట్టును చిన్న జట్టు కొడితే మామూలుగా కిందా మీదా పడి, ఆఖరి బంతికి, ఎవరి పుణ్యమో అన్నట్టు కొడుతుంది. ఇది అలా కాదు. అప్పు తీర్చమని ఇంటి మీదికొచ్చినవాడి దగ్గరే మళ్లీ అప్పు తీసుకుని పంపించినట్టు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే బోస్టన్ నుంచి మా బామ్మర్ది ఫోన్. వాడు ఇక్కడి ఆర్ఈసీలో చదువుకుని, అక్కడికి పోయి, క్రికెట్ వదిలేసి బేస్‌బాల్ మతం పుచ్చుకున్నాడు. "ఒక్క మ్యాచ్ గెలిస్తే అదేం ప్లేఆఫ్ బావా? ఇక్కడ ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఉంటది. నాలుగు గెలవాలె. 2004ల మా రెడ్ సాక్స్ యాంకీస్ చేతుల వరసగా మూడు ఓడి, తర్వాత నాలుగూ గెలిచిన్రు. బేస్‌బాల్ చరిత్రల గట్ల ఎవ్వలూ చెయ్యలే. 1918 తర్వాత మళ్ల అప్పుడే కప్పు," అని అరగంట చెప్పాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఢిల్లీతో ఏడు మ్యాచ్‌లు ఆడమంటే మావాళ్లు మూడో మ్యాచ్‌కే విమానం టికెట్లు బుక్ చేసుకుని ఉండేవారు. బలమైన జట్టెవరో తేలాలంటే చాలా మ్యాచ్‌లు ఆడాలి. కానీ ఆ తేలడం మాకెందుకు? ఏడాదంతా చదివినవాడికి రావలసిన ర్యాంకు, రాత్రికి రాత్రి గైడు తిరగేసినవాడికి రావడంలో ఒక మజా ఉంది. అది ఆర్ఈసీలో చదివినవాడికి అర్థం కాదు.

మే 24, జొహానెస్‌బర్గ్, ఫైనల్. మళ్లీ బెంగళూరే. మొదటి ఓవర్ కుంబ్లే వేశాడు, గిల్‌క్రిస్ట్ సున్నాకే బౌల్డ్. మా ఇంట్లో ఓ అరనిమిషం ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. చిన్నాయన లేచి, "తాలే," అని చెప్పులేసుకున్నాడు. గిబ్స్ ఒక్కడు చివరిదాకా అతుక్కుపోయి 53 చేశాడు. కుంబ్లే 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. మొత్తం 143.

బెంగళూరు బ్యాటింగు సగం కూడా కాలేదు, గాలిదుమారం లేచింది. ఎక్కడో వేపకొమ్మ విరిగిన చప్పుడు, వెంటనే కరెంటు పోయింది. హన్మకొండలో పోయింది గానీ కాజీపేటలో ఉందట. తమ్ముడితో ఒప్పందం కుదిరింది. ఫోన్ ఎత్తితే డబ్బులు కట్ అవుతాయి కాబట్టి అన్నీ మిస్డ్ కాల్సే. ఒక్క రింగ్ ఇస్తే వికెట్, రెండు ఇస్తే ఫోర్, మూడు ఇస్తే సిక్సు. కొవ్వొత్తి చుట్టూ పదిమందిమి, మధ్యలో పీట మీద నోకియా ఫోన్. సత్యనారాయణ వ్రతానికి కూడా మా ఇంట్లో ఇంత నిష్ఠగా ఎవరూ కూర్చోలేదు.

కొంతసేపటికి ఒక్క రింగ్ మోగి ఆగింది. వికెట్! అని చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగకముందే మళ్లీ ఒక్క రింగ్. ఇక్కడే చీలిక వచ్చింది. రెండు వికెట్లని ఒక వర్గం, వరసబెట్టి రెండు బంతులకు రెండు వికెట్లు మావాళ్లు ఎక్కడ తీస్తారు, అది సిగ్నల్ తెగిన ఫోరని రెండో వర్గం. మా అమ్మ రెండో వర్గానికి నాయకురాలు. ఆమె అనుభవమది. నిజానికి సైమండ్స్ వరస బంతుల్లో రాస్ టేలర్‌నూ విరాట్ కోహ్లీనీ పంపించేశాడు. మర్నాడు పేపర్ చూసేదాకా ఆమె ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఫోన్ చాలాసేపు పలకలేదు. పలకకపోవడానికి కోడ్ లేదు. ఆఖరి ఓవర్లో బెంగళూరుకు 15 కావాలి, ఉతప్ప క్రీజులో ఉన్నాడు, ఆర్పీ సింగ్ బంతి పట్టుకున్నాడు. ఇవేవీ మాకు తెలియవు. ఫోన్ మోగింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో రింగ్‌కు అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అయిదు, ఆరు, ఏడు. "ఏందిది?" అన్నాడు బాపు. "పదైతే ఆలౌటేమో," అన్నాడు పక్కింటాయన. ఆగిపోయి మళ్లీ మోగింది. అటువైపు తమ్ముడు గొంతు పోయేట్టు అరవాలని కాచుక్కూర్చుంటే, ఇటువైపు మేం పైసలు పోతాయని ఎత్తకుండా రింగులు లెక్కబెడుతున్నాం. ఆఖరికి మా అమ్మే, "పోరనికేమైందో!" అని ఎత్తింది. విని, పెట్టేసి, మాతో చెప్పింది. "ఆరు పరుగులట. గెలిచిండ్రట. వాడేడుస్తాండు."

మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఓడినవైపు కుంబ్లేకి ఇచ్చారు. సరే, కప్పు మాది.

గెలిచిన జట్టును సొంత గడ్డ మీద చూసుకుందామంటే 2010లో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది, ఉప్పల్‌లో ఒక్క మ్యాచూ పెట్టలేదు. నాగపూర్, కటక్, నవీ ముంబైలలో ఆడారు. మళ్లీ సెమీఫైనల్ చేరారు! ఉద్యమంలో వరంగల్ ముందుండిందని లోకానికి తెలుసు, ఆ సెమీఫైనల్లో మా వాటా గురించే ఎవరూ మాట్లాడరు. 2011లో ఉప్పల్‌కు తిరిగొచ్చారు, ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. 2012తో జట్టే లేకుండా పోయింది.

రోహిత్ అప్పటికే ముంబైకి పోయాడు. అక్కడ కెప్టెనై అయిదు కప్పులు గెలిచాడు. అందులో 2017దీ, 2019దీ ఎక్కడ ఎత్తాడనుకున్నారు? ఉప్పల్‌లో. రెండూ ఒక్క పరుగు తేడాతోనే. "సరుకు మనది, లాభం బొంబాయోళ్లది," అని చిన్నాయన ఇప్పటికీ లెక్క చెబుతాడు.

డెక్కన్ స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ కూడా ఈ సంప్రదాయాన్ని తప్పలేదు. 2016లో పట్టికలో మూడో స్థానంలో ఉండి, ఎలిమినేటర్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి, బెంగళూరుకు పోయి బెంగళూరునే 8 పరుగులతో ఓడించి కప్పు తెచ్చారు. కోహ్లీ ఆ ఏడాది 973 పరుగులు చేశాడు. అయినా లాభం లేకపోయింది. ఆ రాత్రి తమ్ముడికి నైట్ డ్యూటీ, అదీ సంగతి.

2024లో సన్‌రైజర్స్ మళ్లీ ఫైనల్ చేరారు. ఆ సీజన్‌లో బెంగళూరు మీద 287 కొట్టిన జట్టది. ఫైనల్ చెన్నైలో, పరాయి ఊరే, శకునం బాగుందనుకున్నాం. 113కు ఆలౌట్. కోల్‌కతా పదిన్నర ఓవర్లలో ముగించేసింది. ఇదెలా జరిగిందో తెలియక అందరం జుట్టు పీక్కుంటుంటే, చిన్నాయన అనుమానంగా కొడుక్కి ఫోన్ కొట్టాడు. చుట్టూ జనం గోల, బూరల చప్పుడు.

"ఏడున్నవ్‌రా?"

"చెన్నైల, బాపూ. డివిజన్ మీటింగుండె... అట్లనే స్టేడియం దిక్కు..."

చిన్నాయన ఫోన్ స్పీకర్ మీద పెట్టి, మా అందరి వైపూ తిప్పి పట్టుకున్నాడు.