ఒక బోరు మోటరు పద్యానికి టీకా, తాత్పర్యం

ఫీజు పీకి పిదప పెకలించి పైపులు
బోరు మోటరెత్తి బొంతపైన
వరుస తప్పకుండ బౌలులు పేర్చిన
మిగులదొక్క నట్టు మేస్త్రి యతడు

అవతారిక: మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికే కట్టుబడగలడు. పద్యమూ నాదే, టీకా నాదే కాబట్టి కవిహృదయం కోసం తడుములాట లేదు. మల్లినాథుడికి ఈ సుఖం లేకపోయింది. కడపలో బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి మనుచరిత్రకూ వసుచరిత్రకూ టీకలు రాయించాడు. ప్రవరుడి పాదలేపం మంచునీళ్ళకు ఎట్లా కరిగిందో ఆ పుణ్యాన మనకు అర్థసహితంగా తెలుసు. కానీ వీరపునాయునిపల్లెలో ఎండాకాలం చీనీచెట్లు ఆకులు ముడుచుకొని, బోరు గుర్రుమని ఊరుకున్న పూట ఆ జ్ఞానం అక్కరకు రాదు. అందుకని ఈ ప్రయత్నం.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: మూడు ఫేజుల బోరు మోటరును ఇంట్లో విప్పడం. ప్రయోజనం: నీళ్ళు. అవాంతర ప్రయోజనం: ప్రొద్దుటూరు దాకా ఆటోలో మోటరు మోసుకుపోయే ఖర్చు తప్పడం. సంబంధం గురించి చెప్పేదేమీ లేదు, బోరుకూ మోటరుకూ ఉన్నదే. ఇక అధికారి ఎవరన్నదే చిక్కు. వేదాంతానికి శమదమాదులు కావాలంటారు. ఇక్కడ పైపు పానా, గొలుసు పానా, పక్క పొలంలోంచి పిలిస్తే పలికే మనుషులు నలుగురు, ఒక సుద్దముక్క, ఇంట్లోవాళ్ళ సమ్మతి కావాలి. ఈ చివరిది లేనివాడికి రెండో పాదంలోని బొంత దొరకదు.

ప్రతిపదార్థం: ఫీజు పీకి = స్టార్టరు దగ్గరి మూడు ఫీజు క్యారియర్లనూ ఊడదీసి, పిదప = ఆ తర్వాత మాత్రమే, పైపులు పెకలించి = మోటరును మోస్తున్న గొట్టాలను ఒక్కొక్కటిగా పైకి లాగి, బోరు మోటరెత్తి = నేలలోపలి మోటరును పంపుతో సహా వెలికి తీసి, బొంతపైన = పాతచీరలతో కుట్టిన పరుపు మీద, వరుస తప్పకుండ = విప్పిన క్రమం చెడకుండా, బౌలులు పేర్చిన = పంపులోని గిన్నెలను పరిచినట్లయితే, ఒక్క నట్టు మిగులదు = తిరిగి బిగించాక చేతిలో ఏ నట్టూ శేషించదు, అతడు మేస్త్రి = అట్టివాడే మేస్త్రి అనబడును.

విశేషాలు: 'ఫీజు' శబ్దంతో పద్యం మొదలుకావడం మంగళాచరణానికి బదులు. ఇష్టదేవతను తలచుకోవడం మరిచినా ఫరవాలేదు, ఫీజులు మరిస్తే ఆ దేవతనే నేరుగా చూడవలసి వస్తుంది. కరెంటు పోయింది గదా అని క్యారియర్లు వదిలేసేవాళ్ళు ఉన్నారు. పొలాల లైనుకు కరెంటు చెప్పి పోదు, చెప్పి రాదు. ఊడదీసిన క్యారియర్లు ఎవరి జేబులో ఉండాలన్నది పద్యం చెప్పలేదు. మోటరు మీద చెయ్యి వేసేవాడి జేబులోనే ఉండాలని సిద్ధాంతం. ఫీజంటే డబ్బు కట్టడమనే ఇంకో అర్థం కూడా ఉంది గదా, ఇక్కడ శ్లేష ఎందుకు కాకూడదని ఒకరి శంక. ఈ పక్క పులివెందుల మనిషి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి 2004 మే నెలలో ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టిన నాటినుంచి వ్యవసాయ మోటర్ల విషయంలో ఆ రెండో అర్థం వాడుక తప్పింది.

'పెకలించి' అన్నది సాహసం గల క్రియ. నల్లపైపు వేసిన బోరైతే మనుషులు వరుసగా పట్టుకొని పొలం అడ్డంగా నడిస్తే వచ్చేస్తుంది. ఇనుప పైపులది వేరే లెక్క. ఒక్కోటి 20 అడుగులు. మూడుకాళ్ళ స్టాండు నిలిపి, చైను పుల్లీ తగిలించి, పైపు లేపి, బోరు మూతి మీద క్లాంపు బిగించి, పైదాన్ని విప్పి పక్కన పెట్టాలి. క్లాంపులు రెండుంటాయి. ఒకటి గట్టిగా పట్టిందని చూసుకున్నాకే రెండోది వదలాలి. ఈ క్రమం తప్పితే పద్యంలో మిగిలిన పాదాలకు వస్తువే ఉండదు, అది బోరు అడుగున ఉంటుంది. కేబులును పైపుతోపాటు విప్పుకుంటూ రావాలేగాని దాన్ని పట్టి మోటరును లాగకూడదు. కవి దీన్ని చెప్పకపోవడం ఛందస్సులో చోటు చాలకే.

'బొంతపైన' అన్నచోట 'గోనెపైన' అని పాఠాంతరం ఉంది. బోరుకు బొంత యతి కుదురుతుంది, గోనె కుదరదు. కాబట్టి పండితులు బొంతనే గ్రహిస్తారు. ఇంటి ఆడవాళ్ళు మాత్రం ఒక్కుమ్మడిగా గోనె పాఠాన్నే సమర్థిస్తున్నారు. నా మటుకు గోనె పాఠమే ప్రాచీనమనీ, యతి కోసం ఎవరో తర్వాత దిద్దారనీ తోస్తుంది. గోనె మీద నల్లటి గ్రీజు మరక కనిపించదు, చిన్న వాషరు మాత్రం కనిపించకుండా పోతుంది. బొంత మీద రెండూ కనిపిస్తాయి.

ఇక మూడో పాదం. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. బోరు మోటరంటే లోకవ్యవహారంలో ఒకే వస్తువు, శాస్త్రంలో రెండు. కింద మోటరు, పైన పంపు, నడుమ నీళ్ళు లోపలికి పోయే జాలి. మోటరు కిందనే ఎందుకు? జాలి దాకా ఎక్కే నీళ్ళు దాని ఒంటిని రాసుకుంటూ పోయి వేడి తీసుకుపోతాయి గనుక. పంపు భాగంలో ఒకే కడ్డీకి ఇంపెల్లర్లు గుచ్చి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో బౌలు. ఈ జంటనే స్టేజీ అంటారు. మొదటి ఇంపెల్లరు నీళ్ళను విసిరితే బౌలు ఆ వేగాన్ని ఒత్తిడిగా మార్చి రెండోదానికి అందిస్తుంది, అది మూడోదానికి. లోతు పెరిగినకొద్దీ స్టేజీలు పెరగాలి. అడుగున పాపాఘ్ని ఇసుక తగిలిన బోరైతే ఆ ఇసుక నీళ్ళతో పాటు ఎక్కుతూ ఇంపెల్లరు అంచుల్నీ బుష్షుల్నీ అరగదీస్తుంది. సందు పెరిగిందా, మోటరు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం స్టేజీ స్టేజీకీ వెనక్కి జారతాయి. మోటరు ముసలిదైపోయిందని జనం అనుకునేది చాలాసార్లు ఇదే.

అందుకే వరుస. పైనున్న వాల్వు మొదలు జాలి దాకా తీసినదాన్ని తీసినట్టు ఎడమనుంచి కుడికి పరచి, ప్రతి బౌలు మీదా సుద్దతో గుర్తు పెట్టాలి. చూడటానికి అన్నీ ఒకటే, అరుగుదల మాత్రం ఒకటి కాదు. ఒకదానికి అలవాటైన బుష్షును ఇంకోదాంట్లో పెడితే కడ్డీ బిగుసుకుంటుంది. అన్నీ కూర్చాక కడ్డీని చేత్తో తిప్పి చూడాలి. చేతికి తిరగనిది కరెంటుకైనా సుఖంగా తిరగదు.

పూర్వపక్షం: బౌలులు విప్పినవాడు అదే ఊపున మోటరు కూడా విప్పరాదా? కాకినాడ, మచిలీపట్నం ఒడ్డున జాలర్లు పడవ ఇంజను కింది భాగాన్ని ఇసుకలోనే విప్పుకొంటున్నారు గదా?

సమాధానం: ఆ దృష్టాంతం ఇక్కడ చెల్లదు. 1909లో అమెరికాలో కంపెనీ పెట్టి ఎవిన్‌రూడ్ వ్యాప్తిలోకి తెచ్చిన ఆ పడవ ఇంజనులో మంట, కరెంటు అన్నీ నీటికి పైన ఉంటాయి. నీళ్ళలో మునిగేది పళ్ళచక్రాలున్న ఒక పెట్టె, దాని రెక్క. ఆ పెట్టెలోని ఆయిలు తెల్లగా మజ్జిగ రంగుకు తిరిగితే సీలు పోయి నీళ్ళు చొరబడ్డాయని అర్థం. మనిషి కంటితో చూసి రోగం చెప్పొచ్చు. మన మోటరు వంశం వేరు. రష్యా సామ్రాజ్యంలో పుట్టి అమెరికా చేరిన ఆర్మీనియా ఇంజనీరు అరుత్యునోవ్ చమురు బావుల కోసం మోటరునే పంపుతో కలిపి లోపలికి దించాడు. ఆ సంప్రదాయంలో మనది నీళ్ళు నింపిన శాఖ. రాగితీగ నేరుగా నీళ్ళలోనే నానుతుంటుంది. దానికీ చావుకూ మధ్య ఉన్నది పలచని ప్లాస్టిక్కు తొడుగు. వంటింట్లో స్క్రూడ్రైవరుతో గీరితే ఆ గీత కనిపించదు, దించాక కనిపిస్తుంది. మోటరు అడుగున పంపు తోపునంతా మోసే కార్బను బేరింగు ఒకటుంది. అది కూడా వేలిముద్రలను, ఇసుక రేణువులను సహించదు. కాబట్టి గృహస్థుడి అధికారం మోటరునూ పంపునూ కలిపే కప్లింగు దాకానే. కప్లింగు పళ్ళు అరిగాయేమో చూడవచ్చు. అవి అరిగితే కింద మోటరు తిరుగుతుంది, పైన పంపు తిరగదు. అంతవరకే. ఆ కిందిది వైండింగు షాపు వాళ్ళది.

ఒక్క మినహాయింపు ఉంది. దించేముందు మోటరు ప్లగ్గులు తీసి శుభ్రమైన నీళ్ళు బుడగలు ఆగేదాకా పోసి మూయడం గృహస్థుడి పనే. నీళ్ళు పోయకుండా గట్టు మీదనే 'ఒకసారి తిప్పి చూద్దాం' అనేవాళ్ళకు ఈ టీకా వర్తించదు.

నాలుగో పాదంలో అలంకారం అర్థాంతరన్యాసమా, అతిశయోక్తా అని వివాదం. ఒక్క నట్టూ మిగలకపోవడం లోకంలో కనిపించదు కాబట్టి అతిశయోక్తే. పని అయ్యాక సుద్దముక్క పట్టుకున్న మేనల్లుడు "మామా, ఈ నట్టు యాడిది?" అంటాడు. "క్లాంపుది లేరా" అనడం ఆచారం. క్లాంపుకు నట్లన్నీ ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

తాత్పర్యం: కరెంటు తెంపి, మోటరును జాగ్రత్తగా వెలికి తీసి, పంపు భాగాన్ని క్రమంగా విప్పి, అదే క్రమంలో కూర్చినవాడు కృతార్థుడు.

ఈ పద్యానికి తరువాతిది స్టార్టరును గూర్చినది. మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫీజు తీగ తెగిందా, బోరు మూతి దగ్గరి కేబులు జాయింటులో తేమ దిగిందా, రెండు ఫేజులు తారుమారై పంపు వెనక్కి తిరుగుతూ నీళ్ళు సన్నగా పోస్తున్నదా అన్నవి అందులోని విషయాలు. ఇవన్నీ నేలపైన నిలబడి, ఒక్క పైపూ పెకలించకుండా చూడదగినవి. న్యాయంగా దాన్నే ముందు చదవాలి. కానీ మా మండలంలో ఎవరూ ఆ వరుసలో చదవరు కాబట్టి ప్రతుల్లో అది రెండో పద్యంగానే ఉంది.