పొట్లములో సూర్యుడు

ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో కాపురముండియు, కిటికీలకు మందపు తెరలు దించి, గడప దాటినచో గొడుగు విప్పి, సూర్యభగవానుని కిరణమొక్కటియు మేనిపై వాలనీయక ముప్పదియేండ్లు నెట్టుకొచ్చిన మా బాబాయిగారు, తమకు డి విటమిను కొరవడియుండునని ఎవరో అనగా విని, ఆ సూర్యునే పొట్లము కట్టి అమ్మెడు మందుల దుకాణమునకు వేంచేసిరి. చీటీ ఏదని అడుగవలసిన కుర్రవాడు "పాలలో కలుపుకోండి బాబాయ్" అని ఊరకుండెను.

పొట్లముపై 60,000 యూనిట్లని అచ్చువేసి యున్నది. పెద్దలకు దినమునకు సుమారు 600 చాలును గనుక, అది నూరు దినముల గ్రాసము. వైద్యులు రక్తపరీక్ష చూచి, సాధారణముగా వారమునకొకటి చొప్పున, అదియు కొన్ని వారములకే వ్రాయుదురు. బాబాయిగారో, పుష్టి త్వరగా పట్టవలెనని దినమునకొకటి చొప్పున రెండు నెలలు సేవించిరి.

సి విటమినైనచో మిగులు చాలవరకు మూత్రముతో పోవును (కొన్న డబ్బును దాని వెంటనే పోవుననుకొనుడు). డి అట్లు కాదు. వేసవి సెలవులకు దిగిన చుట్టమువలె కొవ్వులో తిష్ఠవేయును. రక్తమున కాల్షియము పెచ్చుపెరిగి, దాహము, వాంతులు, మలబద్ధకము పట్టుకొని, తుదకు మూత్రపిండములకే ఎసరు వచ్చెను.

ఇప్పుడాయన ఆసుపత్రి మంచముపై సెలైను ఎక్కించుకొనుచున్నారు. తెరచిన కిటికీలోనుండి ఉదయపుటెండ ఉచితముగా పాదములపై పడుచుండగా, నర్సమ్మను పిలిచి తెర దించుమనిరి.