మైదాకు బదులు పిండి కొనకండి

ఇంట్లో ఎవరికో గ్లూటెన్ పడదని తెలిసిన రోజు సాయంత్రమే మనం బెంగళూరు సూపర్‌మార్కెట్‌లో ఖరీదైన పొట్లాలున్న అర ముందు నిలబడతాం. బాదం పిండి, కొబ్బరి పిండి, రకరకాల మిశ్రమాలు వరసగా ఉంటాయి. "వీటిలో అచ్చం మైదాలా పనిచేసేది ఏది?" అని అడుగుతాం. అసలు ఆ ప్రశ్న దగ్గరే దారి తప్పుతున్నాం. ఈ కింది సలహాలు పైకి తలకిందులుగా కనిపిస్తాయి. అయినా ప్రతి ఒక్కటీ మనస్ఫూర్తిగా చెబుతున్నదే.

1. ముందు గోధుమ తినండి

పరీక్ష చేయించుకోకుండా చపాతీ మానేయకండి. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్లినప్పుడు, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీయడాన్ని సీలియాక్ వ్యాధి అంటారు. దాన్ని పట్టుకునేందుకు మొదట చేసేది టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. అవసరమైతే ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూస్తారు. గోధుమ మానేస్తే రక్తంలోని ఆ గుర్తులు తగ్గిపోతాయి, పేగు కోలుకోవడం మొదలవుతుంది. అప్పుడు చేసే పరీక్ష జబ్బు లేదని చెప్పే ప్రమాదం ఉంది. తేల్చుకోవాలంటే మళ్లీ వారాల తరబడి గోధుమ తినాల్సి వస్తుంది. గోధుమ తిన్న వెంటనే దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం మాత్రం వేరే సంగతి. అది అలర్జీ కావచ్చు, దాంతో ప్రయోగాలు చేయకూడదు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇది ఉత్తరాది జబ్బు, మనకు రాదు అనుకోవడం కూడా పొరపాటే. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో సీలియాక్‌ను సూచించే రక్తపు గుర్తులు ఉత్తర భారతంలో నూటికి 1.23 మందికి, దక్షిణాదిన నూటికి 0.10 మందికి కనిపించాయి. ఈ జబ్బుకు వీలిచ్చే జన్యువులు మాత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి. పెద్ద తేడా కంచంలో ఉంది: అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25 గ్రాములు. బెంగళూరులో మన ఇళ్లు పొద్దున బ్రెడ్డుకీ రాత్రి చపాతీకీ మారిపోయాయి. పిల్లలు ఎదగకపోయినా, రక్తహీనత ఎంతకీ తగ్గకపోయినా, విరేచనాలు వదలకపోయినా డాక్టర్‌ని ఈ పరీక్ష గురించి అడగండి.

2. పిండి వెతకకండి, వంటకం వెతకండి

గోధుమపిండిలో గ్లైయడిన్, గ్లూటెనిన్ అనే రెండు ప్రొటీన్లు నీళ్లు తగలగానే అల్లుకుని సాగే వలగా మారతాయి. ఆ వలే గ్లూటెన్. చపాతీ సాగడానికీ, బ్రెడ్డు గాలిని పట్టుకుని పొంగడానికీ కారణం అదే. మరే గింజలోనూ ఆ వల అంత బలంగా ఏర్పడదు. కాబట్టి ప్రతి పనిలోనూ మైదాకు సరిసమానమైన పిండి లేదు. ఉందని రాసిన పొట్లంలోనూ ఉండేది బియ్యప్పిండి, గంజిపొడులు, ఏదో ఒక జిగురు.

మన వంటింట్లో ఆ వల అవసరమే లేని వంటలు కావలసినన్ని ఉన్నాయి. పెసరట్టు, దిబ్బరొట్టె, ఆవిరికుడుములు, రాగి సంకటి, జొన్నరొట్టె, చెక్కలు, జంతికలు, అరిసెలు, సున్నుండలు అన్నీ అలాంటివే. ఇడ్లీపిండి పొంగడానికి గ్లూటెన్ అక్కర్లేదు. మినప్పప్పులోని జిగురూ ప్రొటీనూ కలిసి, పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచుతాయి. పండగకు బొబ్బట్లు చేయలేకపోతున్నామని బాధపడే బదులు, అదే పూర్ణాన్ని మినప్పప్పు, బియ్యం రుబ్బిన తోపులో ముంచి బూరెలు వేయండి. బెంగళూరులో ఉన్నాం గనుక కన్నడవాళ్ల అక్కి రొట్టె, నీర్ దోసె, రాగి ముద్ద కూడా మనవే. చలికాలంలో అనపగింజలు వేసిన అక్కి రొట్టె ముందు ఏ పొట్లం బ్రెడ్డూ నిలవదు.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం రూఢి అయిన తీరు కూడా ఇదే చెబుతుంది. నెదర్లాండ్స్‌లో విలెమ్ డికే అనే పిల్లల డాక్టర్‌కు ఈ అనుమానం ముందే ఉండేది. 1944-45 చలికాలపు కరువులో బ్రెడ్డు దొరకనప్పుడు సీలియాక్ పిల్లలు కోలుకోవడం, బ్రెడ్డు తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడటం ఆయన గమనించాడు. ఆ పిల్లలను బాగుచేసింది ప్రత్యామ్నాయ పిండి కాదు, గోధుమ లేకపోవడమే.

3. ఇడ్లీ అనగానే నమ్మకండి

ఈ ఊళ్లో ఈ సలహా మరీ ముఖ్యం. 1924లో మొదలైన ఎంటీఆర్ వాళ్లు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కరువైనప్పుడు బొంబాయి రవ్వతో ఇడ్లీ చేశామని చెబుతారు. రవ్వ ఇడ్లీ ఆ తర్వాత ఊరంతా పాకింది. అన్నం దొరకని రోజుల్లో గోధుమను ఆసరా చేసుకున్న వంటకం అది. గ్లూటెన్ పడనివాళ్లకు అది విషంతో సమానం.

బొంబాయి రవ్వ, బన్సి రవ్వ, చిరోటి రవ్వ అన్నీ గోధుమే. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యం. కాబట్టి ఖారాబాత్, కేసరిబాత్, రవ్వదోసె, మద్దూరు వడ తినకూడదు. కోడుబళె, నిప్పట్టు బియ్యప్పిండి వంటల్లాగే కనిపించినా చాలామంది కరకరలాడటానికి మైదా గానీ చిరోటి రవ్వ గానీ కలుపుతారు. హోటల్లో మామూలు దోసె కూడా రవ్వదోసె వేసిన పెనం మీదే పడుతుంటే అది మీకు పనికిరాదు.

ఇంకో దొంగ పోపుడబ్బాలో ఉంటాడు. బజారులో దొరికే కూటు ఇంగువల్లో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. ఆ చిటికెడుతో సాంబారు, రసం, పులిహోర, పొడులు, ఊరగాయలు అన్నీ చెడతాయి. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, డబ్బా మీద చదివి కొనండి. సోయాసాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. బార్లీ మాల్ట్‌తో చేసే పాలపొడులూ పనికిరావు. ఇంట్లో రాగులు మొలకెత్తించి ఎండబెట్టి విసురుకున్న రాగి మాల్ట్ పిల్లలకు నిశ్చింతగా ఇవ్వచ్చు.

4. రాగులు మరకు పంపకండి

రాగుల్లో గ్లూటెన్ లేదు. మరలో ఆడించిన రాగిపిండిలో ఉండొచ్చు. మీకంటే ముందు ఎవరో గోధుమలు పోసి ఉంటారు, ఆ పిండి రాళ్ల మధ్యా గొట్టంలోనూ మిగిలే ఉంటుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు. అంటే కంటికి ఆననంత. పొద్దున్నే మొదటి వాయి మీదే ఆడించమన్నా నిన్నటి గోధుమ పోదు.

ఇందుకు మూడు దారులున్నాయి. మొదటిది, గింజలే కొని ఏరి, కడిగి, ఆరబెట్టి మిక్సీలో పొడిచేసి సన్న జల్లెడ పట్టడం. రెండోది, నానబెట్టి గ్రైండర్‌లో రుబ్బడం, తరతరాలుగా మనకు వచ్చిన పనే. మూడోది, గ్లూటెన్ పరీక్ష చేయించినట్టు స్పష్టంగా రాసిన పొట్లం కొనడం. విడిగా అమ్మే శనగపిండి, మొక్కజొన్న పిండి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చిల్లర కొట్లో గోధుమపిండి తీసిన గరిటతోనే అవీ తీస్తారు.

5. పిండి పిసకకండి, ఉడికించండి

జొన్నపిండిని చన్నీళ్లతో చపాతీపిండిలా ఎంత పిసికినా సాగదు. అంచులు పగులుతాయి, అప్పడాల కర్రకు అంటుకుంటాయి. లేని వలను పిసికి తేలేం. వేడితో గంజిని మేల్కొలపాలి. మరిగే నీళ్లు పడగానే పిండిలోని గంజి ఉబ్బి జిగురవుతుంది, అదే పిండిని పట్టి ఉంచుతుంది. మరుగుతున్న నీళ్లలో ఉప్పు వేసి, పిండి పోసి, తెడ్డుతో కలిపి మూతపెట్టండి. చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే బాగా మర్దించి, ఒక్కో ఉండనే తీసుకుని చేత్తో తట్టండి. మిగతావి తడిగుడ్డ కింద ఉంచండి. రాయలసీమలో సంకటి కెలికే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల పక్కన నిలబడి నేర్చుకోండి.

6. కప్పు పక్కన పెట్టండి

కేకు తప్పదంటే కప్పులతో కొలవకండి. కప్పు మైదా సుమారు 125 గ్రాములు. బియ్యప్పిండి 150 దాటుతుంది. కప్పుకు కప్పు మార్చితే కేకు పిడచకట్టేది అందుకే. చిన్న ఎలక్ట్రానిక్ తూకం కొనుక్కుని, 200 గ్రాముల మైదాకు బదులు 100 గ్రాముల సన్న బియ్యప్పిండి, 50 గ్రాముల రాగి లేదా జొన్న పిండి, 50 గ్రాముల కార్న్‌ఫ్లోర్ కలపండి. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి గంజిపొడి, పచ్చటి మొక్కజొన్న పిండి కాదు. ఒక చెంచా ఇసబ్గోలు పొడి చేర్చండి, వల చేసే పని కొంత అది చేస్తుంది. కలిపిన పిండిని అరగంట నాననిస్తే నోట్లో ఇసుకలా తగలదు. బేకింగ్ పౌడర్ నానాక చివర్లో వేయండి. పెద్ద గిన్నె కంటే చిన్న కప్పుల్లో కేకులు బాగా నిలుస్తాయి.

బిస్కెట్లకు ఇంత శ్రమ లేదు. గుల్లగా ఉండాల్సినవాటికి గ్లూటెన్ లేకపోవడమే మేలు. శనగపిండి, నెయ్యి, పంచదారతో నాన్‌ఖటాయీ చక్కగా వస్తుంది. కొబ్బరి పిండిని మాత్రం ఎందులోనూ మైదా బరువుకు సమానంగా వేయకండి. అది నీళ్లన్నీ తాగేస్తుంది.

7. ఇంటిల్లిపాదికీ గ్లూటెన్ ఫ్రీ పొట్లాలు కొనకండి

జబ్బు లేనివాళ్లు గోధుమ మానితే ఆరోగ్యం వస్తుందన్న మాటకు ఆధారం లేదు. పొట్లాల్లో దొరికే బిస్కెట్లు, బ్రెడ్డుల్లో చాలావరకు గంజీ, పంచదారా, కొవ్వే ఉంటాయి, పీచు తక్కువ. ఆ డబ్బుతో రాగులు, జొన్నలు, పప్పులు కొనండి. ఇల్లంతా ఆ వంటే తింటే జబ్బున్న మనిషి ఒంటరి కాడు. ఇంట్లో గోధుమ కూడా వండాల్సి వస్తే పెనం, జల్లెడ, చెక్క తెడ్డు, అప్పడాల కర్ర, నూనె మూకుడు వేరుగా పెట్టండి. గోధుమపిండి డబ్బా కింది అరలోకి దించండి, పైనుంచి రాలకుండా ఉంటుంది.

చివరగా బంధువులకూ, ఇరుగుపొరుగుకూ ఒక విన్నపం. సీలియాక్ ఉన్న పిల్లవాడు మీ ఇంటికి వస్తే "ఒక్క ముక్క తింటే ఏం కాదులే నాన్నా" అనకండి. నొప్పి కనపడకపోయినా ఆ ఒక్క ముక్క పేగును దెబ్బతీస్తుంది. వాడికోసం కొత్త పిండి కొని తంటాలు పడనక్కర్లేదు. కడిగిన పెనం మీద పెసరట్టు వేసి, ఇంగువ లేని పచ్చడితో పెట్టండి, చాలు.